మాత్ర సర్కారుది, నమ్మకం మనది

(సంత్ సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా ఇంద్రేశంలో యువతను ఉద్దేశించి మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈసారి యువతకు ఏం చెప్పాలని సంఘంలో కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఉద్యోగాలు, రిజర్వేషన్లు, గోర్‌బోలి, పోటీ పరీక్షలు అన్నీ చర్చకు వచ్చాయి. చివరికి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ గురించి మాట్లాడాలని నిర్ణయించాం. పండగ పూట ఆ మాటెందుకని మాలోనే కొందరు అడిగారు. వాళ్ల బాధ మాకు అర్థమైంది. కానీ నలుగురు కూడిన చోట ఎత్తకూడని మాట అనుకున్నన్నాళ్లూ, ఆ జబ్బు ఉన్న మన మనిషి నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉండిపోతాడు. మందు ఉచితంగా దొరికే జబ్బుకు సిగ్గుతో ప్రాణం పోగొట్టుకోవడం మన జాతికి తగదు. అందుకే పండగ పూటే మాట్లాడుతున్నాం.

ఈ మాటకు ఇంద్రేశం సరైన చోటే. ఇక్కడి నుంచి చూస్తే పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం వరకు ముంబయి రోడ్డు వెంట ఫ్యాక్టరీలు, గోదాములు, లారీలు, అద్దె గదులు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు, నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు తండాల నుంచి వచ్చిన మనవాళ్లు ఒకే బస్తీలో ఉంటున్నారు. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు. ఇప్పుడు మన పిల్లలు బ్యాగు వేసుకుని షిఫ్టుకు పోతున్నారు. తిరగడం మనకు కొత్త కాదు. ఇల్లు విడిచి వెళ్లినవాడికి తోడు ఎవరు అన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఈ జబ్బు ఎలా ఉంది

ముందు రెండు మాటలు సూటిగా చెప్పుకుందాం. హెచ్‌ఐవీ మూడు దారుల్లో వస్తుంది. నిరోధ్ వాడని లైంగిక కలయిక ఒకటి. వైరస్ ఉన్న రక్తం, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడటం రెండోది. తల్లి నుంచి బిడ్డకు, గర్భంలో గానీ కాన్పులో గానీ పాలిచ్చేటప్పుడు గానీ రావడం మూడోది. కలిసి తింటే రాదు. ఒకే గదిలో పడుకుంటే రాదు. దోమ కుడితే రాదు. ఒకే మరుగుదొడ్డి వాడితే రాదు. జాతరలో పచ్చబొట్టు పొడిపించుకునే మన యాడీలు, చెల్లెళ్లు మాత్రం కొత్త సూది తీయమని గట్టిగా అడగాలి.

ఒకప్పుడు ఈ పేరు వింటే చావు అని అర్థం. ఇప్పుడు కాదు. పరీక్షలో తేలిన వెంటనే మందు మొదలుపెట్టి, రోజూ తప్పకుండా వేసుకుంటే ఆ మనిషి అందరిలాగే పని చేసుకుంటాడు, పెళ్లి చేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు. రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గి, అలాగే నిలిస్తే, లైంగిక కలయిక ద్వారా అతని నుంచి ఇంకొకరికి సోకదు. మందు వాడని తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. మందు వాడితే అది 5 కంటే తక్కువకు దిగుతుంది. అంటే మాత్ర వేసుకునేవాడు తనను కాపాడుకోవడమే కాదు, ఎదుటివాళ్లనూ కాపాడుతున్నాడు.

లెక్కలు కూడా తెలుసుకోండి. 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. పెద్దవాళ్లలో జాతీయ సగటు 0.21 శాతం. తెలంగాణలో అది 0.47 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అంటే మన రెండు రాష్ట్రాలూ దేశ సగటుకు రెండింతలు, మూడింతలు దాటి ఉన్నాయి. 2010తో పోలిస్తే 2021 నాటికి దేశంలో కొత్తగా సోకేవాళ్ల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. తగ్గింది కదా అని వదిలేయొచ్చా? వదలకుండా పట్టుకున్నారు కాబట్టే తగ్గింది.

ఎవరు పట్టుకున్నారు

ఇదే ఈ రోజు మేం చెప్పదలచుకున్న అసలు కథ. ఈ పని సర్కారు ఒక్కటే చేయలేదు. సర్కారు లేకుండా జనమూ చేయలేదు.

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సాల్మన్ ఆధ్వర్యంలో జరిగిన పరీక్షల్లో అది తేలింది. 1992లో కేంద్రం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను, మనం నాకో అని పిలిచేదాన్ని, ఏర్పాటు చేసింది. తర్వాత రాష్ట్రాల్లో ఎయిడ్స్ నియంత్రణ సొసైటీలు వచ్చాయి. సొసైటీ ఎందుకంటే, మామూలు సర్కారీ శాఖలో ఫైలు కదిలేలోపు నెలలు పోతాయి. సొసైటీ అయితే స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందం చేసుకుని, డబ్బు ఇచ్చి, పని అప్పగించగలదు. బయటివాళ్లను కలుపుకుని పోవాలన్న ఆలోచన ఆ ఏర్పాటులోనే ఉంది.

ఎందుకు కలుపుకోవాల్సి వచ్చింది? ఆ రోజుల్లో ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లు సర్కారును చూసి దాక్కునేవాళ్లు. సెక్స్ వర్కర్‌కు పోలీసంటే భయం. స్వలింగ సంబంధాలున్న మగవాళ్లకు ఊరంటే భయం. లారీ డ్రైవరు ఒక ఊళ్లో నిలవడు. వీళ్ల దగ్గరికి ఆసుపత్రి గుమాస్తా పోతే ఎవరూ మాట్లాడరు. తమలోనే ఒకరు వచ్చి చెబితే వింటారు. అందుకే ఆ సమూహాల నుంచే కొందరికి శిక్షణ ఇచ్చి, తోటివాళ్లకు చెప్పే కార్యకర్తలుగా పెట్టారు. నిరోధ్ పంచింది వాళ్లు, పరీక్షకు చేయి పట్టుకుని తీసుకెళ్లింది వాళ్లు, మందు మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి బతిమాలింది వాళ్లు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక దశలో దేశంలోనే ఎక్కువ మంది హెచ్‌ఐవీతో ఉన్న రాష్ట్రం. మీ అమ్మానాన్నలను అడగండి, 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని రోడ్ల పక్కన కనిపించిన పెద్ద పెద్ద బోర్డులు గుర్తుంటాయి. జనం నవ్వుకున్నారు, కోప్పడ్డారు, కానీ మాట్లాడుకున్నారు. 2003లో బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ 'ఆవాహన్' పేరుతో ఆరు రాష్ట్రాల్లో పని మొదలుపెట్టింది. అందులో మన రాష్ట్రమూ ఉంది. కోస్తాలో ఒక సంస్థ, తెలంగాణ, రాయలసీమల్లో ఇంకో సంస్థ బాధ్యత తీసుకుని, కింద చిన్న చిన్న స్థానిక సంస్థల ద్వారా ఊళ్లు, పట్టణాలు తిరిగాయి. తర్వాత కొన్నేళ్లలో దశలవారీగా ఆ పనిని సర్కారుకు అప్పగించారు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు కూడా సొంతంగా సంఘాలు పెట్టుకున్నారు. తమ పేరుతో, తమ ముఖంతో బయటికి వచ్చి మాట్లాడారు. ఆ ధైర్యం లేకపోతే మిగతాది ఏదీ నిలిచేది కాదు.

2004 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ఎక్కువ తీవ్రత ఉన్న రాష్ట్రాల్లో, కొద్ది కేంద్రాల్లోనే. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ, రోగం ముదిరేదాకా ఆగకుండా, మందు ఇవ్వాలని నిర్ణయించారు.

మన చేతుల మీదుగా పోయిన మందు

ఇక్కడ మీరు గర్వంగా వినాల్సిన మాట ఒకటుంది. ఈ మందులు కొత్తగా వచ్చినప్పుడు ఒక మనిషికి ఏడాదికి పది పదిహేను వేల డాలర్లు అయ్యేది. ఆఫ్రికాలో లక్షల మంది ఆ ధర కట్టలేక చనిపోయారు. 2001లో మన దేశానికి చెందిన సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. 2003లో అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ పేరున్న సంస్థ కొన్ని కంపెనీలతో ఒప్పందం చేసుకుని, రోజుకు అర డాలరు కూడా కాని ధరకు మందు తెచ్చింది. ఆ కంపెనీల్లో హైదరాబాదుకు చెందిన మాట్రిక్స్ ఒకటి. తర్వాత హెటిరో, అరబిందో లాంటి హైదరాబాదు కంపెనీలు కూడా ఈ మందుల తయారీలో ప్రపంచంలోనే పెద్ద పేర్లయ్యాయి. ఈ కంపెనీలకు మన సంగారెడ్డి జిల్లాలో ఫ్యాక్టరీలున్నాయి.

అంటే ఆఫ్రికాలో ఏదో ఊళ్లో ఒక తల్లి ఈ పూట వేసుకున్న మాత్ర వెనుక, ఈ ప్రాంతంలో రాత్రి షిఫ్టు చేసిన ఒక కార్మికుడి చెమట ఉండొచ్చు. అలాంటి చోట, అదే మాత్ర అందక మన తండా మనిషి ఒకరు చనిపోతే? ప్రపంచానికి మందు పంపిన చోట, మందు దాకా నడవడానికి మనిషి సిగ్గుపడితే? ఈ ప్రశ్న మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు.

అతుకు ఊడుతున్న చోట్లు

భాగస్వామ్యం అంటే కాగితం మీద ఒప్పందం ఒక్కటే కాదు. రెండు గుడ్డలు కలిపే కుట్టు లాంటిది. మన యాడీలు అద్దాలు, గవ్వలు, రంగు గుడ్డలు కలిపి పేట్యా, కాంచళీ కుట్టినప్పుడు గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు వదులైతే చిరిగేది అక్కడే. మాకు మూడు చోట్ల కుట్టు వదులుగా కనిపిస్తోంది.

మొదటిది తండా. జాతీయ కార్యక్రమం మూడో దశలో గిరిజనుల కోసం ప్రత్యేక కార్యాచరణ ప్రణాళిక తెచ్చారు. మంచిదే. కానీ అది ప్రధానంగా ఐటీడీఏలున్న ప్రాంతాలను దృష్టిలో పెట్టుకున్నది. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం అంటే గిరిజన ప్రాంతమని అందరికీ తెలుసు. సంగారెడ్డి జిల్లా మైదాన తండాలు ఏ ఐటీడీఏ కిందా లేవు. పల్లెల కోసం లింక్ వర్కర్ల పథకం ఉన్నా, చెల్లాచెదురుగా ఉన్న ప్రతి తండాకూ మనిషి చేరడం కష్టం. చేరినా తెలుగులో చెబుతారు. గోర్‌బోలి తప్ప వేరే మాట రాని ముసలి యాడీకి, 'విండో పీరియడ్' అంటే ఏమిటో ఎవరు చెప్పాలి?

రెండోది ప్రయాణం. ఒక ఉదాహరణ అనుకుందాం. నారాయణఖేడ్ దగ్గర ఒక తండా. చెరకు నరికే కాలం వచ్చింది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని భార్యాభర్తలు ఇద్దరూ పక్క రాష్ట్రానికి వెళ్లారు. భర్తకు హెచ్‌ఐవీ ఉంది, సంగారెడ్డిలో మందు తీసుకుంటున్నాడు. నెల మందు తీసుకెళ్లాడు. అక్కడ అయిదు నెలలు ఉండాలి. రెండో నెలలో మాత్రలు అయిపోయాయి. మేస్త్రీకి చెబితే పని పోతుందని భయం. తోటివాళ్లకు చెబితే గుడిసె వేరు పెడతారని భయం. అడ్వాన్సు తీరే దాకా తిరిగి రాలేడు. మందు ఆగింది. తిరిగి వచ్చేసరికి టీబీ వచ్చింది. ఇందులో మందు లేకపోవడం వల్ల వచ్చిన కష్టం ఎంత, మాట బయటికి చెప్పలేకపోవడం వల్ల వచ్చిన కష్టం ఎంత?

ఈ చిక్కుకు దారి ఉంది. వలస వెళ్లేవాళ్ల కోసం బయల్దేరే ఊరు, దారి, చేరే చోటు మూడింటినీ కలిపి చూడాలని నాకో విధానమే చెబుతోంది. ఏఆర్‌టీ కేంద్రంలో ముందే చెబితే, ఇంకో ఊరి కేంద్రానికి మార్చే కాగితం ఇస్తారు. మందు బాగా పనిచేస్తున్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇచ్చే పద్ధతిని 2020లో కరోనా లాక్‌డౌన్ సమయంలో విస్తృతంగా వాడారు. కాబట్టి చెరకు సీజనుకు బయల్దేరే ముందు డాక్టరును అడగమని చెప్పాలి. ఆ మాట చెప్పాల్సింది ఎవరు? అడ్వాన్సు తేదీ ఎవరికి ముందు తెలుస్తుందో వాళ్లు. అంటే మనం.

మూడోది డబ్బు. స్వచ్ఛంద సంస్థల పని ఒప్పందాల మీద నడుస్తుంది. ఒప్పందం ముగిస్తే మనుషులు మారతారు. 2014 తర్వాత నిధులు రాష్ట్ర ఖజానాల ద్వారా రావడం మొదలయ్యాక, దేశంలో చాలా చోట్ల అవి ఆలస్యమై కింది స్థాయి సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందని పరిస్థితి వచ్చింది. ఇంటింటికీ తిరిగే కార్యకర్తకు బస్సు చార్జీ కూడా చేతి నుంచే పెట్టుకోవాల్సి వస్తే ఎన్నాళ్లు తిరుగుతాడు? 2022లో మందుల కొరత ఉందంటూ హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు ఢిల్లీలో నాకో కార్యాలయం దగ్గర వారాల తరబడి కూర్చున్నారు. దేశవ్యాప్తంగా కొరత లేదని అధికారులు చెప్పారు. కానీ ఒక కేంద్రంలో ఒక నెల మందు లేకపోయినా, ఆ కేంద్రం మీద ఆధారపడిన మనిషికి అది కొరతే. అలా కూర్చుని అడగడం కూడా భాగస్వామ్యంలో భాగమేనని మేం నమ్ముతాం. చేయి కలపడం ఎంత అవసరమో, లెక్క అడగడమూ అంతే అవసరం.

చట్టం మన వెనుక ఉంది

చాలామందికి తెలియని మాట: హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల హక్కుల కోసం 2017లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాన్ని ప్రతి కార్మికుడూ తెలుసుకోవాలి.

హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం నుంచి తీసేయడం, బడిలో చేర్చుకోకపోవడం, ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం, వైద్యం నిరాకరించడం వివక్ష కిందికి వస్తాయి. ఉద్యోగం ఇవ్వాలంటే ముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోమని షరతు పెట్టకూడదు. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. పరీక్ష ఫలితాన్ని అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. వంద మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరిని నియమించాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టేలా రాసినా, ప్రచారం చేసినా మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

మన చుట్టూ వందల మంది పనిచేసే ఫ్యాక్టరీలున్నాయి. వాటిలో చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేసే కూలీలు. ఫిర్యాదు అధికారి ఎవరో ఎంతమందికి తెలుసు? గేటు దగ్గర నోటీసు బోర్డు మీద ఆ పేరు ఉందా? కార్మిక సంఘాల్లో ఉన్న మన పిల్లలు ఈ ప్రశ్న అడగాలి. గొడవ పెట్టుకోమని కాదు. చట్టంలో ఉన్నదాన్ని ఉందా లేదా అని అడగమని.

మాలో వచ్చిన వాదన

సంఘంలో దీని మీద గట్టి చర్చ జరిగింది. అది మీ ముందు దాచడం లేదు.

కొందరు అన్నారు: "ప్రతి తండాలో శిబిరం పెట్టి అందరికీ పరీక్ష చేయిద్దాం. ఎవరికి ఉందో తేలిపోతుంది." ఇంకొందరు అన్నారు: "పెళ్లికి ముందు పరీక్ష కాగితం చూపించాలని పంచాయతీలో తీర్మానం చేద్దాం. మన ఆడపిల్లలు బాగుపడతారు." ఈ మాటల వెనుక ప్రేమ ఉంది. ముఖ్యంగా రెండో మాట వెనుక ఆడబిడ్డల తల్లుల భయం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అయినా మేం ఒప్పుకోలేదు. ఎందుకంటే తండాలో శిబిరం పెడితే ఎవరు ఏ ఫలితంతో బయటికి వచ్చారో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. నలుగురిలో బయటపడతానన్న భయం ఉన్నవాడు ఆ రోజు తండా విడిచి వెళ్లిపోతాడు. అంటే ఎవరికి అవసరమో వాళ్లే దొరకరు. బలవంతపు పెళ్లి కాగితం కూడా అంతే. ఈ జబ్బు సోకాక పరీక్షలో కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. కాగితం చూసి నిశ్చింతగా ఉండిపోతే అది అబద్ధపు ధైర్యం. చట్టమూ బలవంతాన్ని ఒప్పుకోదు. దానికంటే పెళ్లి కుదిరిన అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ తమ ఇష్టంతో, కలిసి, ప్రభుత్వ పరీక్షా కేంద్రానికి వెళ్లడం మంచిది. అక్కడ పరీక్ష ఉచితం, సలహా ఉంటుంది, మాట బయటికి పోదు. వెళ్లమని అడిగే హక్కు అమ్మాయికి ఉందని, ఆ మాట అడిగిన అమ్మాయిని తప్పుగా చూడకూడదని పెద్దలు చెప్పాలి. పంచాయతీ చేయాల్సిన తీర్మానం అది.

మీ నుంచి ఏం కోరుతున్నాం

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మిమ్మల్ని డాక్టర్లు కమ్మని అనడం లేదు. అయిదు పనులు అడుగుతున్నాం.

ఒకటి, 1097 నంబరు గుర్తుపెట్టుకోండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఉచితం, పేరు చెప్పక్కర్లేదు. దగ్గరలో పరీక్ష ఎక్కడ, మందు ఎక్కడ అని అడిగితే చెబుతారు. మీ గది గోడ మీద, తండా కిరాణా కొట్టులో, అడ్డా మీద ఆ నంబరు రాయండి.

రెండు, ఒకరితో తోడు వెళ్లండి. ఆసుపత్రిలో ఏ గది, ఏ వరుస, ఏ కాగితం అని తెలియక వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. మన జిల్లా కేంద్రం సంగారెడ్డిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. పటాన్‌చెరు నుంచి బస్సులో పోయి రావచ్చు. షిఫ్టు లేని రోజు ఒక పూట తోడు వెళ్లడం కంటే పెద్ద సేవ లేదు. ఎందుకొచ్చావని అడగకండి. అతను చెబితే వినండి, చెప్పకపోతే బయట కూర్చోండి.

మూడు, నోరు కట్టుకోండి. ఇదే అన్నిటికంటే కష్టం. మీకు తెలిసిన విషయం మీ దగ్గరే ఆగిపోవాలి. వాట్సాప్ గ్రూపులో 'ఫలానా తండాలో ముగ్గురికి ఉందట' అన్న ఒక్క మెసేజ్, సర్కారు పదేళ్లు కష్టపడి కట్టిన నమ్మకాన్ని ఒక్క రాత్రిలో కూల్చేస్తుంది. అలాంటి మెసేజ్ వస్తే తొలగించండి, పంపినవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

నాలుగు, గోర్‌బోలిలో చెప్పండి. మీలో వీడియోలు చేసేవాళ్లున్నారు, పాటలు కట్టేవాళ్లున్నారు. ఏఆర్‌టీ కేంద్రంలో సలహాదారు చెప్పే మాటను సరిచూసుకుని, మన భాషలో రెండు నిమిషాల్లో చెప్పండి. తీజ్ పండుగకు ఆడపిల్లలు కూడినప్పుడు, తల్లి నుంచి బిడ్డకు రాకుండా ఆపొచ్చని చెప్పండి. గర్భిణి మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే ఈ పరీక్ష కూడా చేయించుకోమని చెప్పండి.

అయిదు, టీబీని మరచిపోకండి. ఒకే గదిలో ఎనిమిది మంది పడుకునే బస్తీల్లో రెండు వారాలు దాటిన దగ్గును తేలిగ్గా తీసుకోకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు టీబీ త్వరగా వస్తుంది. అందుకే టీబీ తేలితే హెచ్‌ఐవీ పరీక్ష, హెచ్‌ఐవీ తేలితే టీబీ పరీక్ష చేస్తారు. రెండింటికీ ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం.

ఇంకో మాట. మందు వాడుతున్న హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం పింఛను ఇస్తోంది. 2019లో అది నెలకు 2,016 రూపాయలు అయింది. దరఖాస్తు పెట్టడానికి భయపడేవాళ్లుంటారు, కాగితం పంచాయతీ ఆఫీసుకు వెళితే పేరు బయటపడుతుందని. అలాంటివాళ్లు ముందు ఏఆర్‌టీ కేంద్రంలోని సలహాదారుతో మాట్లాడితే మంచిది.

సర్కారు నుంచి ఏం కోరుతున్నాం

అడగకపోతే అమ్మ కూడా అన్నం పెట్టదంటారు. మన సంఘం తరఫున జిల్లా ఆరోగ్య అధికారుల ముందు మూడు కోరికలు ఉంచుతున్నాం. గోర్‌బోలి తెలిసిన మనిషి ఒకరు, వారంలో ఒక రోజైనా, ఏఆర్‌టీ కేంద్రంలో ఉండాలి. చెరకు సీజను మొదలయ్యే ముందు నారాయణఖేడ్ వైపు తండాల్లో, వలస వెళ్లేవాళ్లకు ఎక్కువ నెలల మందు, బదిలీ కాగితం ఇచ్చే ప్రత్యేక ఏర్పాటు కావాలి. పారిశ్రామిక ప్రాంతంలో షిఫ్టు ముగిసిన తర్వాత, సాయంత్రం వేళ, పరీక్ష చేసే సదుపాయం కావాలి. పగలు పరీక్షకు పోతే కూలీ పోతుంది. కూలీ పోయే పరీక్షకు ఎవరూ రారు.

ఇవి పెద్ద డబ్బుతో కూడిన పనులు కావు. మనుషులు, మాత్రలు, భవనాలు ఇప్పటికే ఉన్నాయి. వాటికీ మన గుడిసెకూ మధ్య మిగిలిన ఆ కొద్ది దూరం దాటించమని అడుగుతున్నాం. ఆ దూరంలో సగం మేం నడుస్తామని చెప్పి అడుగుతున్నాం.

ఎయిడ్స్‌ను ప్రజారోగ్య ముప్పుగా 2030 నాటికి అంతం చేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. మన దేశమూ అందులో ఉంది. ఆ లెక్క ఢిల్లీలో వేస్తారు. కానీ గెలుపో ఓటమో తేలేది మన తండాల్లో, ఈ బస్తీల్లో. మందు తీసుకునే ఒక అన్నకు మనం వేరే పళ్లెం పెడతామా, మన పళ్లెంలోనే కూర్చోబెట్టుకుంటామా అన్నదాని మీద.

సేవాలాల్ మహరాజ్ మనకు నేర్పింది సత్యంగా బతకమని, ఆపదలో ఉన్నవాడిని విడవొద్దని. పూర్వం బిడారు సాగుతుంటే జబ్బు పడ్డవాడిని దారిలో వదిలి పోయేవాళ్లు కాదు, ఎద్దు మీద కూర్చోబెట్టుకుని నడిచేవాళ్లని మన పెద్దలు చెబుతారు. మనమూ ఎవరినీ దారిలో వదలొద్దు.

జై సేవాలాల్.